కార్తిక స్నానాలకు భీమిలి వెళ్లేవారు పాటించవలసిన జాగ్రత్తలు

కార్తిక మాసం రాగానే విశాఖ, విజయనగరం వైపుల నుంచి ఎన్నో కుటుంబాలు సముద్ర స్నానాలకూ వనభోజనాలకూ భీమునిపట్నం బయలుదేరుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలూ తుపాన్లూ పుట్టే కాలం కూడా సరిగ్గా అదే. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను ఇక్కడివారు ఎవరూ మరచిపోలేదు. తుపాను తీరం దాటే రోజున జనం ఎలాగూ ఇల్లు కదలరు. అది ఇంకా వందల మైళ్ల దూరాన ఉండగా, ఇక్కడ ఎండ కాస్తున్న రోజున నీళ్లలోకి దిగేవారి గురించే నా భయమంతా. దూరాన లేచిన పెద్ద అలలు గాలివానకంటే ముందుగానే ఒడ్డుకు చేరతాయి.

డచ్చివారి కాలం నుంచి భీమిలి పేరున్న రేవు. చుట్టుపక్కల పండిన గోగునార ఒకప్పుడు ‘బిమ్లిపటం జూట్’ అన్న పేరుతో విదేశాలకు వెళ్లేది. ఓడలు ఒడ్డుదాకా రాలేక దూరంగా లంగరు వేసుకుంటే, సరుకును పడవల మీద చేరవేసేవారు. 1933లో విశాఖ నౌకాశ్రయం తెరుచుకున్నాక ఆ వ్యాపారం క్రమంగా సన్నగిల్లింది. రేవు పోయినా నీటి అడుగున ఇసుక మెట్టలు అలాగే ఉన్నాయి. మోకాలి లోతు నీళ్లలో ధైర్యంగా నడుస్తూ మెట్ట అంచు దాటితే, తర్వాతి అడుగుకే ఛాతీ లోతు వచ్చే చోట్లు ఉంటాయి. ఇవాళ ఉన్న మెట్ట రేపు అక్కడే ఉంటుందన్న నమ్మకమూ లేదు కనుక, నిరుడు దిగిన చోటే కదా అని మళ్లీ దిగకండి.

నీళ్లలో కాలు పెట్టే ముందు గట్టున నిలబడి కనీసం పది నిమిషాలు సముద్రాన్ని చూడండి. రెండు వైపులా కెరటాలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నునుపుగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే, అందులో నురగా ఇసుక కలిసిన నీరూ లోపలికి జారుతుంటే, అదే రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహం. కెరటాలు లేవు కదా అని పిల్లలను అక్కడ దించేవారు చాలామంది. నిజానికి తీరమంతటిలో దిగకూడని చోటు అదే. అందులో చిక్కుకున్నవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, కెరటాలు విరిగే చోటికి చేరాక ఒడ్డు వైపు తిరగాలి.

తెల్లవారకముందే స్నానం చేయాలన్న ఆచారం ఉన్నవారికి ఒక మనవి. చీకటిలో ఈ గుర్తులేవీ కనబడవు. పౌర్ణమికి పోటు మామూలు రోజులకంటే ఎక్కువగా ఉంటుంది, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. ఒడ్డున నిలబడి చెంబుతో నీళ్లు తలమీద పోసుకుంటే పుణ్యానికి ఏ లోటూ రాదు. కెరటాలు కోసిన ఇసుక గట్టు అంచున నిలబడవద్దు, అది ఒక్కసారిగా కుంగిపోతుంది.

గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఏ కాలంలోనూ దిగకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పాటు సమయంలో నది నీరూ సముద్రపు నీరూ కలిసి ఒకే దారిన లోపలికి లాగుతాయి. ఎగువన వానలు పడి తాటిపూడి జలాశయం గేట్లు ఎత్తితే, ఇక్కడ చినుకు లేకపోయినా ప్రవాహం పెరుగుతుంది. ఫొటోల కోసం జనం నడిచి వెళ్లే ఇసుక దిబ్బ కోసుకుపోవచ్చు. ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లేవారు వాన పడ్డాక ఆ గండ్లలోకి దిగవద్దు, నిలువు గోడల కింద కూర్చోవద్దు.

బయలుదేరే రోజు ఉదయం వాతావరణ శాఖ ప్రకటననూ, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరికనూ చూసుకోండి. ఓడరేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే దూరాన వాయుగుండం ఉందని, మూడో నంబరు ఎగరేస్తే ఈదురుగాలులు ఈ రేవుకే తగలవచ్చని అర్థం. మూడో నంబరు ఉండగా స్నానం మాట తలపెట్టవద్దు. అన్నిటికంటే ముందు, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులను అడగండి. వారు వేటకు వెళ్లని రోజున మీరూ దిగకండి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి, రక్షించబోయినవారే మునిగిన సందర్భాలు ఎన్నో. తాడు గానీ, మూత బిగించిన ఖాళీ డబ్బా గానీ విసిరి, చూపు వారి మీదే నిలిపి, మత్స్యకారులను కేకేసి, 112కు గానీ మెరైన్ పోలీసుల 1093కు గానీ ఫోన్ చేయించండి. బయటికి తెచ్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం చేయకూడదు, దానివల్ల విలువైన సమయం పోతుంది. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోటిలోకి గాలి ఊది, ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి మళ్లీ 2 సార్లు ఊదుతూ, 108 వచ్చేదాకా ఆపకుండా కొనసాగించాలి. తేరుకుని లేచి కూర్చున్నా సరే, ఊపిరితిత్తుల్లోకి నీరు పోయి ఉండవచ్చు కనుక ఆసుపత్రికి తీసుకువెళ్లి చూపించండి.