కాయిల్ కొనే ముందు ఆ గొయ్యిలోకి తొంగి చూడండి

మొన్న దసరాకి మా కాంప్లెక్సులో కుర్రాడొకడు కొత్తగా కొన్న పాత పికప్‌ని వాహన పూజకి తయారుచేశాడు. బానెట్ ఎత్తి, ప్రెజర్ గన్‌తో ఇంజన్ తళతళలాడేలా కడిగాడు. ఫ్రిస్కోలో గుడి ముందు నిమ్మకాయలు తొక్కించేసరికే బండి ఎక్కిళ్లు పెడుతోంది, చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతోంది. "అన్నా, దిష్టి తగిలింది" అని ఫోన్. దిష్టి కాదురా, నీళ్లు.

నవ్వే అర్హత నాకు లేదు. డాలస్ వచ్చిన మొదటి ఏడాది నా వీ8 (ఎనిమిది సిలిండర్ల) పికప్‌లో నాలుగో సిలిండర్‌కి మూడు ఇగ్నిషన్ కాయిల్స్ కొన్నాను. పెట్రోలు మండించే స్పార్క్ ప్లగ్‌కి ఎక్కువ వోల్టేజీ కరెంటు పంపేది ఈ కాయిలే. మార్చిన ప్రతిసారీ నెలన్నర బాగుండేది, మళ్లీ బండి కంప్యూటర్‌లో అదే లోపం కోడ్. గ్రోసరీకి లెక్కపెట్టుకునే రోజులవి. నాలుగోది కొనబోతుంటే ఓ పెద్దాయన, మెక్సికన్ మెకానిక్, పాత కాయిల్ పీకి స్పార్క్ ప్లగ్ కూర్చునే గొయ్యిలోకి టార్చ్ వేశాడు. అడుగున నూనె. పైన వాల్వ్ కవర్ గాస్కెట్, అంటే ఇంజన్ పైమూత కింద ఉండే సీలు, కారుతోంది. నా మూడు కాయిల్సూ ఆ నూనెలో నాని చచ్చినవే.

పీ0304 అని కోడ్ వస్తే నాలుగో సిలిండర్ సరిగ్గా మండడం లేదని అర్థం. కాయిల్ కొనమని కాదు! ముందు ఆ కాయిల్ తీసి రెండో సిలిండర్‌లో పెట్టండి, అక్కడిది ఇక్కడ పెట్టండి. కోడ్ చెరిపి నడపండి. పీ0302 అని మారితే కాయిల్‌దే తప్పు. నాలుగులోనే ఉండిపోతే ప్లగ్, వైరు, కనెక్టర్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ చూడాలి. అన్నట్టు, సిలిండర్ల వరస అన్ని బళ్లకీ ఒకటి కాదు. ఫోర్డ్ వీ8లో ప్రయాణికుడి వైపు ముందు నుంచి 1, 2, 3, 4. షెవ్రొలే వీ8లో డ్రైవర్ వైపు 1, 3, 5, 7. ఇది తెలియక మంచి కాయిల్ పీకి పారేసినవాళ్లున్నారు.

సరే, కాయిల్ పోయిందనే తేలింది. ఎందుకు పోయింది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అదే నా బాధ. ప్లగ్ అరిగితే దాని కొన దగ్గర సందు పెరుగుతుంది. ఆ సందు దాటించడానికి కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజీ పుట్టించాలి, వేడెక్కి మాడిపోతుంది. గొయ్యిలో నీరో నూనో ఉంటే కాయిల్ నుంచి దిగి ప్లగ్‌ని కప్పే రబ్బరు గొట్టం, అంటే బూటు, పాడై, కరెంటు ప్లగ్ కొనదాకా పోకుండా పక్కకి దూకుతుంది. ప్లగ్ తెల్లటి పింగాణీ మీద పెన్సిల్ గీతలాంటి నల్ల చార కనిపిస్తే ఆ ప్లగ్, ఆ బూటు రెండూ పారేయండి. వాటి మీద కొత్త కాయిల్ పెడితే అదీ చస్తుంది. కనెక్టర్ ప్లాస్టిక్ నాలుక విరిగి వదులుగా ఉందేమో కూడా చూడండి. ప్లగ్ తీసేది ఇంజన్ చల్లారాకే, అదీ గొయ్యిలోకి గాలి కొట్టాకే. లేకపోతే చెత్తంతా సిలిండర్‌లోకి పోతుంది.

చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే వారాంతం దాకా ఆగొచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం పక్కకి ఆపండి. "ఆఫీసుకి పదిహేను మైళ్లే కదా" అనొద్దు. మండని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అప్పుడు కాయిల్ ఖరీదుకి ఎన్నో రెట్లు వదులుతుంది.

పాత బండి కొనేటప్పుడు లైటు వెలగలేదంటారా? అమ్మేవాడు ఆ ఉదయమే కోడ్ చెరిపి ఉంటాడు. చవక బ్లూటూత్ స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు చూడండి. అవి బండి తనని తాను చేసుకునే పరీక్షలు, కోడ్ చెరిపితే మళ్లీ మొదటినుంచి మొదలవుతాయి. చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే అనుమానించండి. టెక్సస్‌లో 2025 నుంచి సొంత బళ్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. చెక్ ఇంజన్ లైటుతో వెళితే అందులో తప్పుతారు.

ఇంత తిట్టాక చెప్పకపోతే బాగోదు: కాయిల్ పోతే ఇంజన్ పోయినట్టు కాదు. బండి అమ్మేయక్కర్లేదు, ఇంటికి ఫోన్ చేసి అమ్మని ఏడిపించక్కర్లేదు. చాలా బళ్లలో కాయిల్‌కి ఉండేది ఒక్క బోల్టే, మీరే మార్చుకోవచ్చు. ఆ కుర్రాడి బండికీ గోతులు గాలితో ఆరబెట్టి, విరిగిన కనెక్టర్ ఒకటి మార్చాం. ఒక్క కాయిల్ కూడా కొనలేదు. వచ్చే దసరాకి తడిగుడ్డతో తుడుస్తానని ఒప్పుకున్నాడు.