రాజీనామా మెయిల్ పంపే ముందు జాగ్రత్తలు

ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే రాజీనామా. ఫోన్‌లో "మీరు సెలెక్ట్ అయ్యారు" అన్న మాటను నమ్ముకుని ఉన్న ఉద్యోగం వదలకండి. తర్వాత ఆ పోస్టే తీసేశామంటే మీ దగ్గర చూపించడానికి కాగితం ఉండదు.

లెటర్‌ను తీరిగ్గా, చివరి పేజీ దాకా చదవండి. హోదా, చేరే తేదీ, ప్రొబేషన్, నోటీసు పీరియడ్ చూడాలి. అన్నిటికంటే ముఖ్యం జీతం లెక్క. ఏడాదికి 12 లక్షలు అని రాసి, అందులో 2 లక్షలు పనితీరును బట్టి ఇచ్చే బోనస్ అయితే నెలకు లక్ష రాదు. కోతలకు ముందే సుమారు 83 వేలు. జాయినింగ్ బోనస్ ఉంటే, త్వరగా మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో వెతకండి.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (మీరిచ్చిన వివరాలు నిజమేనా అని కొత్త కంపెనీ చేసే తనిఖీ) అయ్యాకే ఆఫర్ ఖాయమని ఉంటే, వీలైతే అది ముగిసేదాకా ఆగండి. రెజ్యూమెలోని తేదీలు, పాత సర్టిఫికెట్లలోని తేదీలు ఒకటేనా? ఇప్పుడే సరిచూసుకోండి.

ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు డిపాజిట్ అనో, లాప్‌టాప్ ఖర్చు అనో డబ్బు అడిగితే అది మోసమే. మాట్లాడటం ఆపేయండి.

పేస్లిప్పులు, అప్రైజల్ లెటర్ల కాపీలు ముందే దాచుకోండి. కొన్ని చోట్ల మెయిల్ పంపిన రోజే లాగిన్ ఆపేస్తారు, అప్పుడు టెన్షన్ పడాలి. కంపెనీ ఫైళ్లు, క్లయింట్ల వివరాలు మాత్రం ఒక్కటి కూడా తీసుకోవద్దు. ఆఫీసు మెయిల్‌తో తెరిచిన సొంత ఖాతాలుంటే మార్చుకోండి.

మేనేజర్‌కు ముందు నోటితో చెప్పి, అదే రోజు మెయిల్ పెట్టండి. కారణాలు ఏకరువు పెట్టనక్కర్లేదు, చివరి పనిదినం తేదీ స్పష్టంగా ఉంటే చాలు.