సిరిమాను రోజు విజువల్స్ ఆఫీసుకు చేరాలంటే

ఊళ్లో అందరికీ దసరా సెలవులు అయిపోతుంటే విజయనగరం రిపోర్టర్లకు అసలు పండగ డ్యూటీ అప్పుడు మొదలవుతుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం కదా. ఆ మధ్యాహ్నం గుడి ఉన్న మూడులాంతర్ల సెంటర్ దగ్గర ఫోన్‌లో సిగ్నల్ నిండుగానే కనిపిస్తుంది, ఫైల్ మాత్రం అంగుళం కదలదు. అన్ని వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడితే అంతే మరి. కొత్త కుర్రాళ్లు అక్కడే నిలబడి అప్‌లోడ్ గుండ్రం తిరుగుతుంటే చూస్తూ టెన్షన్ పడతారు.

సిరిమాను, అంటే చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. మొదటి తిరుగుడు షూట్ చేసి వెంటనే సందుల్లోంచి జనం లేని చోటికి నడిచి వెళ్లి పంపేయండి. మిగతావాటికి వెనక్కి రావచ్చు. వీడియో క్వాలిటీలో 4కె జోలికి వెళ్లకండి, 1080 చాలు. క్లిప్పులు ఇరవై సెకన్లు దాటనివ్వకండి. బైక్ పొద్దున్నే బందోబస్తు బయట పెట్టుకోవాలి, లేదంటే రాత్రి వరకు దాని మీద ఆశ వదులుకోవడమే.

గుడి, భక్తుల మాటలు ముందు రోజు సోమవారం జరిగే తొలేళ్ల ఉత్సవం నాడే తీసి పంపితే డెస్క్ నుంచి ఫోన్లు సగం తగ్గుతాయి. పవర్ బ్యాంక్‌తో పాటు ఒక ప్లాస్టిక్ కవర్ కూడా జేబులో పడేయండి, అవి వానలొచ్చే రోజులు.