పుస్తకం చూసి పోర్ట్రెయిట్ నేర్చుకుంటుంటే తప్పెక్కడ జరుగుతోంది?

గురువు లేకుండా, ఇంట్లో ఒక పుస్తకం ముందు పెట్టుకుని మనిషి ముఖం గీయడం నేర్చుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎలా గీయాలో పుస్తకం చెబుతుంది కానీ, మీ కాగితం మీద వచ్చిన తప్పు దానికి కనపడదు. పక్కన గురువు ఉంటే "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తారు. ఆ పని మనమే చేసుకోవాలంటే, ముందు కనిపించే లక్షణాన్ని పట్టుకుని కారణం దాకా వెళ్లాలి.

గీస్తున్నంతసేపూ బాగానే ఉంది, గోడకి ఆనించి చూస్తే ముఖం సాగిపోయింది

ఇది చేతి లోపం కాదు. కాగితాన్ని బల్ల మీదో నేల మీదో పరిచి వంగి గీశారు. అలా చూస్తే కాగితం పైభాగం కంటికి దూరమై కురచగా కనిపిస్తుంది. ఆ కురచని సరిచేస్తూ మనకి తెలియకుండానే నుదురూ తలా పొడుగు చేసేస్తాం. ఎగ్జామ్ ప్యాడ్‌కి కాగితం బిగించి, వెనక లావుపాటి పుస్తకాలు పెట్టి, చూపుకి ఎదురుగా వాలుగా నిలబెట్టండి. చూసి గీసే ఫొటోని కూడా అదే వాలులో పెట్టుకోండి. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూస్తే తేడా మొదట్లోనే దొరుకుతుంది.

కళ్లు నుదుటి మీదకి ఎక్కేశాయి

జుట్టు మొదలయ్యే చోటునే తల పైకొన అనుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. నడినెత్తి నుంచి గడ్డం కింది అంచు దాకా కొలిస్తే, పెద్దవాళ్లకి కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లకి జుట్టు ఎత్తుని ఈ లెక్కలో కలపకూడదు. చిన్నపిల్లలకైతే కళ్లు సగానికి కిందే పడతాయి. ఈ సగం గీత ముందు వేసుకుని, తర్వాతే కళ్ల జోలికి వెళ్లండి.

కొంచెం పక్కకి తిరిగిన ముఖంలో అవతలి కన్ను బయటికి వచ్చేస్తోంది

చాలా పుస్తకాల్లో కనిపించే బంతి పద్ధతిని అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ 1956లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించాడు. తలని ఒక బంతి అనుకుని, రెండు పక్కలా కొంచెం చెక్కేసి, మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు వేయడం ఆ పద్ధతి. మనం ఆ బంతిని రూపాయి బిళ్లలా చదునుగా ఊహించుకుంటాం. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఒక కోడిగుడ్డు ఉడకబెట్టండి. స్కెచ్ పెన్‌తో పైనుంచి కిందకి ఒక గీత, నడుం చుట్టూ ఇంకో గీత వేయండి. గుడ్డుని మెల్లగా పక్కకి తిప్పుతూ చూడండి. నిలువు గీత విల్లులా వంగుతుంది. అవతలి సగం సన్నబడిపోతుంది. ఆ సన్నబడిన చోటే అవతలి కన్ను ఉండాలి. అందుకే దాని వెడల్పు తగ్గుతుంది, ముక్కు దూలం దాని లోపలి మూలని కొంత కప్పేస్తుంది. రెండు కళ్లూ ఒకే కొలతలో వేస్తే అవతలిది బయటికి రాక ఏం చేస్తుంది? ఆ గుడ్డుని నాలుగైదు కోణాల్లో గీశాక మళ్లీ పుస్తకంలో అదే పేజీ తీయండి.

కొలతలన్నీ సరిపోయాయి, మనిషి మాత్రం వేరే ఎవరో

కొత్తవాళ్లని ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పుస్తకాన్ని పక్కన పెట్టేసేదీ ఎక్కువగా ఇక్కడే. జుట్టు అంచు నుంచి కనుబొమ్మల దాకా, అక్కణ్ణుంచి ముక్కు కింది దాకా, అక్కణ్ణుంచి గడ్డం దాకా మూడూ సమానం అని పుస్తకం చెబుతుంది. ముఖం వెడల్పు ఐదు కళ్లంత అనీ చెబుతుంది. ఇవి సగటు మనిషి కొలతలు. ఆ సగటు మనిషి మీ ఇంట్లో ఉండడు.

నేను మా నాయనమ్మ బొమ్మ వేసినప్పుడు ఈ సంగతి తెలిసింది. మూడు భాగాలూ స్కేలు పెట్టి సమానంగా వేశాను. ముడతలు, రాళ్ల కమ్మలు, నుదుటి మీద పచ్చబొట్టు అన్నీ పెట్టాను. అమ్మ చూసి "ఎవరీవిడ?" అంది. ఆ రాత్రి ఫొటో ముందు పెట్టుకుని, పెన్సిల్ మొన నుంచి బొటనవేలి గోటి దాకా కొలత పట్టి చూశాను. నాయనమ్మది బోసినోరు. పళ్లు లేకపోవడంతో దవడ పైకి జరిగి, ముక్కు కింది నుంచి గడ్డం దాకా ఉన్న భాగం మిగతా రెండింటికన్నా బాగా కురచ. పెదవులు లోపలికి మడిచి ఉన్నాయి. గడ్డం కొన ముందుకి వచ్చి ముక్కు వైపు చూస్తోంది. చెవి తమ్మెలు కమ్మల బరువుకి సాగి, ముక్కు కింది గీత దాటి కిందకి దిగాయి. గడ్డాన్ని పైకి జరిపి, తమ్మెలు కిందకి దించాను. ముడతలు సగం చెరిపేశాను. ఈసారి అమ్మ ఏమీ అడగలేదు, కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

అంటే పుస్తకం కొలతలు తప్పని కాదు. తేడా చూపించడానికే అవి ఉన్నాయి. ముందు సగటు గీతలు చాలా లేతగా వేసుకోండి. తర్వాత మీ ఎదుటి మనిషి ఆ గీతల్ని ఎక్కడెక్కడ దాటుతున్నాడో మూడు మాటల్లో కాగితం అంచున రాయండి: "కళ్ల మధ్య ఎడం ఎక్కువ, పై పెదవి పల్చన, దవడ వెడల్పు." పోలిక ఆ మూడు చోట్లే ఉంటుంది. వాటిని మొహమాటపడకుండా గీయండి.

ఇంకో కారణం ఫొటో. మొబైల్ చేతి దూరంలో పెట్టి తీసుకున్న సెల్ఫీలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. దాన్ని ఎంత బాగా గీసినా పోలిక రాదు. ఐదారు అడుగుల దూరం నుంచి, కళ్ల ఎత్తులో తీసిన ఫొటో వాడండి.

షేడింగ్ మసి పూసినట్టు ఉంది

మొదటి కారణం వేలితో రుద్దడం. చేతి జిడ్డు కాగితానికి అంటి మరకలవుతుంది. రెండోది, వెలుగు ఎటునుంచి వస్తోందో తేల్చుకోకుండా ముఖమంతా కొంచెం కొంచెం నలుపు చేయడం. ట్యూబ్‌లైట్ కింద ముందునుంచి తీసిన ఫొటోలో నీడే ఉండదు, ఇక దేన్ని చూసి గీస్తాం? మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. కళ్లు సగం మూసి చూస్తే ముఖం రెండు ముక్కలుగా విడిపోతుంది: వెలుగు, నీడ. ఆ నీడ ఆకారం మొత్తాన్నీ 2బి పెన్సిల్‌తో ఒకే రంగుగా నింపండి. కంటిగుంట, ముక్కు కింద, దవడ కింద అన్నీ కలిసిపోయినా ఫర్వాలేదు. ఆ దశలోనే మనిషి గుర్తుపట్టేలా ఉండాలి. తర్వాతే, దానికన్నా మెత్తగా, నల్లగా పడే 4బి పెన్సిల్‌తో బాగా చీకటిగా ఉన్న చోట్లు.

ఇక్కడ మన పుస్తకాలతో ఒక ఇబ్బంది ఉంది. వాటిలో ఎక్కువ భాగం పాశ్చాత్య మోడళ్ల తెల్లటి ముఖాలే. వెలుగు వైపు కాగితాన్ని ఖాళీగా వదిలేయమంటాయి. మన చామనఛాయ ముఖానికి అలా చేస్తే మనిషి పాలిపోయినట్టు ఉంటాడు. ముందు ముఖమంతా ఒక పల్చటి పూత వేయండి. నుదురు, ముక్కు కొన, చెంప ఎముక మీద మెరిసే చోట్లని పిండిలా మెత్తగా ఉండే నీడబుల్ రబ్బరుతో అద్ది తీయండి. నల్లటి చర్మం మీద మెరుపు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మెరుపు అంచులు ఎంత కచ్చితంగా ఉంటే ముఖానికి అంత గుండ్రదనం వస్తుంది.

నవ్వు ముఖం గీస్తే వయసు మీద పడింది

పంటికీ పంటికీ మధ్య గీత గీశారు. ఆ గీతలన్నీ చెరిపేయండి. పళ్ల వరుసని ఒకే తెల్లటి ఆకారంగా ఉంచి, నోటి మూలల్లో మాత్రం నీడ వేయండి.

పుస్తకం సగంలో ఆగిపోయింది

చదవడం ముందుకి పోయింది, చేయి వెనకబడింది. కొత్త పుస్తకం కొంటే ఇది తీరదు. విన్సెంట్ వాన్ గో 1880లో బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు ఫ్రెంచ్ చిత్రకారుడు షార్ల్ బార్గ్ తయారుచేసిన అభ్యాస చిత్రాల్ని వరసగా కాపీ చేశాడు. చేసినవే మళ్లీ చేశాడు. ఆగిపోయిన చోటు నుంచి రెండు పాఠాలు వెనక్కి వెళ్లండి. ఒక్కో బొమ్మని మూడుసార్లు గీయండి. మూడోసారి పుస్తకం మూసి గీయండి.

తప్పుందని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు

ఫొటోని మీ బొమ్మ సైజుకే ప్రింట్ తీయించండి. మీద బటర్ పేపర్ పెట్టి కంటి మూలలు, ముక్కుపుటాలు, నోటి మూలలు, గడ్డం కొన, చెవుల పైఅంచు చుక్కలుగా గుర్తు పెట్టుకోండి. ఆ కాగితాన్ని మీ బొమ్మ మీద పరవండి. ఏ చుక్క ఎటు జరిగిందో తేలిపోతుంది. చెరిపి దిద్దే ముందు, ఆ జరిగినదాన్ని బొమ్మ వెనక రాసి పెట్టుకోండి. నాలుగు బొమ్మల వెనక రాసుకున్నవి పక్కపక్కన పెట్టి చూస్తే, చాలామందికి ఒకటే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నాకైతే నోరు ప్రతిసారీ కిందకి జారేది. ఇప్పుడు ఏ ముఖం మొదలుపెట్టినా ముందు కొలిచేది ముక్కుకీ నోటికీ మధ్య దూరమే.