అందరి గ్రామసభ – రెండో పాఠం: చెవికి అందే నోటీసు

పోయిన పాఠంలో ర్యాంపు లెక్క చూశాం కదా. అరుగు ఎత్తు ఎన్ని అంగుళాలైతే ర్యాంపు కనీసం అన్ని అడుగుల పొడవుండాలి, అంటే 1:12 వాలు, అడుగున్నర అరుగుకి 18 అడుగులు. టేపు పట్టుకెళ్లి మీ పంచాయతీ ఆఫీసు దగ్గర కొలిచారనుకుంటున్నా. కొలవకపోతే వెళ్లి కొలిచి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి కాగితాల సంగతి. నోటీసు, అజెండా, సభ అయ్యాక వచ్చే మినిట్స్ (ఏం మాట్లాడారో, ఏం తీర్మానించారో రాసిన కాగితం). నిజానికి ర్యాంపు కంటే ముందే ఇది చెప్పాల్సింది. సభ ఉందనే తెలియనివాళ్లకి ర్యాంపు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దేనిమీద తీర్మానం పెడుతున్నారో తెలియకుండా వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని, టీ తాగి వెళ్లిపోతారు.

ఒకప్పుడు డప్పు కొట్టి చాటింపు వేసేవాళ్లు. చూపు లేనివాళ్లకి దాంతో ఏ ఇబ్బందీ లేదు, వినపడనివాళ్లకే కబురు అందేది కాదు. ఇప్పుడు నోటీసుని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నారు, దాంతో లెక్క తిరగబడింది. చూపు లేనివాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుంటారు, అది తెరమీద ఉన్నది చదివి వినిపిస్తుంది. ఆ మెసేజి దగ్గరికొచ్చేసరికి 'ఫోటో' అని ఊరుకుంటుంది. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు అలా వచ్చిన ఫోటోని హాస్టల్లో ఉన్న మనవడికి పంపి చదివి చెప్పమన్నారు. మనవడు సాయంత్రం ఫోన్ చేసి, 'తాతయ్యా, ఇది ఇవాళ పొద్దున పదింటికే' అన్నాడు.

సరే, పనిలోకి వద్దాం. మీ ఊరి నోటీసో, మున్సిపాలిటీ వెబ్‌సైట్‌లో పెట్టిన అజెండా పీడీఎఫ్‌నో తెరవండి. ఒక వాక్యాన్ని వేలితోనో మౌస్‌తోనో సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. సెలెక్ట్ అయింది కానీ పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చి రాత వచ్చిందంటే, అది 'అను' లాంటి పాత తెలుగు ఫాంట్‌లో టైప్ చేసింది. కంటికి చక్కటి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు. చదివే సాఫ్ట్‌వేర్‌కి కనిపించేది ఆ లోపలిదే. (నేనూ ఏళ్ల తరబడి అనులోనే కొట్టాను, కాబట్టి ఆపరేటర్లని తిట్టే అర్హత నాకు లేదు.)

బొమ్మ అయితే దాన్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలు టెక్స్ట్‌గా బయటికొస్తాయి. పాత ఫాంట్ అయితే యూనికోడ్‌కి (లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతి) మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. రెండిట్లోనూ వత్తులూ అంకెలూ తప్పు పడతాయి, ముఖ్యంగా సర్వే నంబర్లూ డబ్బు లెక్కలూ అసలు కాగితం పక్కన పెట్టుకుని సరిచూసుకోవాల్సిందే. అందుకే నా సలహా ఒక్కటే: వచ్చే నోటీసు నుంచి మొదటే యూనికోడ్‌లో కొట్టండి, ఈ బాధే ఉండదు.

ఇక వర్డ్‌లో. అంశం పేరుని బోల్డ్ చేసి వదిలేయకండి, కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కితే అది నిజమైన హెడ్డింగ్ అవుతుంది. తేడా ఏంటంటే, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వినేవాళ్లు హెచ్ నొక్కుతూ ఒక హెడ్డింగ్ నుంచి ఇంకో హెడ్డింగ్‌కి దూకుతారు, మనం కళ్లతో పేజీ తిరగేసినట్టే. హెడ్డింగులు లేకపోతే ఏడో అంశం కోసం మొదటి ఆరూ పూర్తిగా వినాలి. పట్టికలో గడులు కలపకండి, ఒక గడికి ఒకే విషయం. 'ఎరుపు రంగులో ఉన్నవి పెండింగ్' అని రాస్తే వినేవాళ్లకి ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది, పక్కన 'పెండింగ్' అని మాటలోనే రాయండి. తేదీ 05/06 అని కాకుండా 'జూన్ 5, గురువారం' అనండి. గ్రా.పం., తీ.నెం. లాంటి పొట్టి మాటలు చెవికి వింతగా తగులుతాయి, పూర్తిగా రాస్తే పోయేదేమీ లేదు.

పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ కొట్టి పీడీఎఫ్‌గా మార్చకండి, హెడ్డింగుల శ్రమంతా పోతుంది. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో యాక్సెసిబిలిటీ ట్యాగుల గడి టిక్ అయి ఉందో లేదో చూడండి. ఇంత చేసినా తెలుగు పీడీఎఫ్‌ల్లో ఒక్కోసారి వత్తులు చెదిరిపోతాయి. 'స్త్రీ', 'కృష్ణా' లాంటి మాటలు ఉన్న వాక్యాన్ని మళ్లీ కాపీ చేసి చూసుకోండి. చెదిరితే వర్డ్ ఫైల్‌ని కూడా పక్కనే పెట్టేయండి.

'సంతకం, ముద్ర లేకుండా ఎలా పెడతాం?' అని సెక్రటరీగారు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. సంతకం పెట్టిన స్కాన్ ఉండనివ్వండి, దాని కిందే టెక్స్ట్ కాపీ పెట్టండి. వాట్సాప్‌లో ఫోటో కింద నాలుగు లైన్లు టైప్ చేసి, అదే చదువుతూ ఒక నిమిషం వాయిస్ మెసేజి పెడితే వినేవాళ్లకీ చదివేవాళ్లకీ, చదువు రానివాళ్లకీ కూడా అందుతుంది.

అవసరమైతే చెప్పడానికి చట్టం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ అచ్చులోనూ ఎలక్ట్రానిక్ రూపంలోనూ ఉన్న సమాచారమంతా వాడుకోగలిగే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలంటుంది. 2017 నిబంధనల్లోని 15(1) ఆ తప్పనిసరిని ఉత్త సిఫార్సుగా మార్చేసిందని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు తెమ్మని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదిక మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లది. అయితే మొదటి రోజే సెక్షన్లు చదివితే సెక్రటరీగారి మొహం మాడుతుంది, ముందు ఒక నమూనా నోటీసు మీరే చేసి ఇవ్వండి.

ఈ వారం పని: ఆ నమూనా తయారయ్యాక ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని వినండి. తేదీ, చోటు, మూడో అంశం ఏంటో కళ్లు వాడకుండా చెప్పగలగాలి. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే నొక్కినట్టు. ఇది తెలియక నేను మొదటిసారి పావుగంట ఫోన్‌తో కుస్తీ పట్టాను, కాబట్టి ఎలా ఆపాలో ముందే చూసి పెట్టుకోండి. మూడో పాఠంలో సైన్ లాంగ్వేజ్ చేసేవాళ్లని సభలో ఎక్కడ నిలబెట్టాలి, మైకు ఎవరి చేతిలో ఉండాలి అన్నది చూద్దాం.