కుటుంబ ప్రార్థన: నాన్నలకు ఒక చిట్కా

రాత్రి భోజనమయ్యాక ప్రార్థన పెడితే పిల్లలు కునికిపాట్లు పడతారు. భోజనానికి ముందే కూర్చోబెట్టండి. మొత్తం 12 నిమిషాలు చాలు: పాటలో రెండు చరణాలు, వాక్యం (బైబిలు చదవడం), ప్రార్థన.

వాక్యానికి మార్కు సువార్త మంచిది. 16 అధ్యాయాలే, చకచకా సాగుతుంది. రోజుకు 8–10 వచనాలు మించకండి. చదవడం వచ్చిన పిల్లలచేత తలా రెండు వచనాలు చదివించండి. ‘సుంకరి’ లాంటి మాట వస్తే అక్కడే ఆగి, పన్ను వసూలు చేసేవాడని చెప్పండి. తర్వాత ఒక్క ప్రశ్న, జవాబు ఆ వచనాల్లోనే ఉండాలి: "పక్షవాయువు గలవాణ్ణి ఎంతమంది మోసుకొచ్చారు?" ప్రసంగం వద్దు.

చాలా ఇళ్లలో చెడేది ప్రార్థన దగ్గరే. "ప్రభువా, వీడికి బుద్ధి ప్రసాదించు, మార్కులు చూడు" అని బిడ్డ ముందే అంటే వాడికది ప్రార్థన కాదు, తిట్టు. ‘మీ పిల్లలకు కోపము రేపక’ అని బైబిల్లో ఎఫెసీ పత్రిక 6:4 చెప్పేది తండ్రులకే. మార్కుల సంగతి విడిగా మాట్లాడండి. ప్రార్థనలో పిల్లలు ఒక స్తుతి, ఒక మనవి చెబితే చాలు. తడబడితే అందించకండి, కాసేపు ఆగండి. మీరు చివర్లో, నిమిషంలోపు ముగించండి.

నైట్ డ్యూటీ రోజుల్లో అమ్మ నడిపిస్తుంది. మీరు ఫోన్‌లో ఆమేన్ చెప్పినా సరే, మానేయకండి.