ముందు చక్రాలు దడదడా ఎగురుతున్నాయా? తక్కువ ఖర్చులో వీల్ హాప్ తగ్గించుకోవడం ఎలాగ

మన విశాఖలో సింహాచలం కొండ రోడ్డులో మలుపు దగ్గర ముందు బస్సు ఆగిందనుకోండి, మనం కూడా ఏటవాలులోనే ఆగాం, పైగా వాన తడి, బండి నిండా జనం. బస్సు కదలగానే మనం క్లచ్ వదిలి రేజ్ ఇస్తే బండి ముందుకి పోకుండా ముందు టైర్లు దడదడదడ అని కొట్టుకుంటాయి, స్టీరింగ్ చేతిలో వణుకుద్ది, డాష్‌బోర్డు మొత్తం ఊగిపోద్ది. దీన్నే వీల్ హాప్ అంటారు. చాలామంది దీన్ని "మన బండికి పిక్కప్ ఎక్కువ గురూ" అని గొప్పగా చెప్పుకుంటారు గానీ అది పిక్కప్ కాదు, కింద ఎక్కడో రబ్బరు చచ్చిందని బండి అరుస్తోంది.

అసలు ఏటి జరుగుద్దంటే, టైరు రోడ్డుని పట్టుకుని తోసినప్పుడు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండికి కలిపే ఇనుప చెయ్యి) బుష్‌లు, అంటే దాని కీళ్ళలో ఉండే రబ్బర్లు, ఇంజన్ మౌంటింగ్‌లు, అంటే ఇంజన్ని పట్టుకుని ఉండే రబ్బరు దిమ్మలు, టైరు పక్కగోడ అన్నీ కొంచెం మెలి తిరుగుతాయి. పట్టు తప్పి టైరు జారగానే ఆ మెలిక అంతా ఒక్కసారి విడిపోయి చక్రం వెనక్కి కొట్టుకుంటాది, వెంటనే టైరు మళ్ళీ రోడ్డుని పట్టుకుంటాది, మళ్ళీ మెలిక, మళ్ళీ జారడం. బరువైన బీరువాని గచ్చు మీద లాగితే గడగడా ఎగురుతూ వస్తాది చూడండి, అదే ఇదీ.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండికి, అంటే ముందు చక్రాలే లాగే బండికి, ఇది ఎక్కువెందుకంటే బండి ముందుకి దూకేటప్పుడు బరువు వెనక్కి పోద్ది, అంటే లాగాల్సిన చక్రాల మీదే బరువు తగ్గుద్ది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా తగ్గుద్ది. డిక్కీలో సి.ఎన్.జి. సిలిండర్ పెట్టించుకుని, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి యారాడ కొండ ఎక్కితే ముందు టైర్లకి మిగిలేది ఏముంటాది చెప్పండి.

ఇక ఇంజన్ సంగతి. పాత స్విఫ్ట్ డీజిల్ 1.3 ఇంజన్ 2000 ఆర్.పి.ఎం. దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తాది. ఫస్ట్ గేరు, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ చివర చక్రాలకి ముందుండే గేరు జత) కలిపి మామూలు చిన్న కార్లలో దాన్ని 12 నుంచి 15 రెట్లు చేస్తాయి, అంటే చక్రాల దగ్గరకొచ్చేసరికి రెండు వేల న్యూటన్ మీటర్లు దాటేస్తాది. ఇక్కడ జనం మర్చిపోయేది ఒకటుంది, చక్రాలకి ఎంత బలం పోతే అంతే బలం ఇంజన్ని గేర్‌బాక్స్‌ని కలిపి వెనక్కి తిప్పాలని చూస్తాది, దాన్ని ఆపేది మూడు నాలుగు రబ్బరు మౌంటింగ్‌లే. అవి లూజైతే ఇంజనే లోపల ఊగుతా టైరుని ఊపుద్ది.

ముందు అది హాపేనా కాదా అన్నది తేల్చుకోండి, లేకపోతే డబ్బులు వేరే దానికి పోతాయి. ఎండిన చదును రోడ్డు మీద, టైరు అస్సలు జారకుండానే, క్లచ్ వదిలే చోట బండి మొత్తం వణికితే అది క్లచ్ జడ్డర్, క్లచ్ ప్లేటు సంగతి చూసుకోవాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తుంటే టిక్ టిక్ టిక్ అంటే యాక్సిల్ చివర ఉన్న సి.వి. జాయింట్. టైరు జారుతున్నప్పుడు మాత్రమే, ముందు నుంచి దడదడ బరువైన దెబ్బలు వినపడితేనే హాప్. మౌంటింగ్ పోతే జడ్డర్, హాప్ రెండూ కలిసి కూడా రావచ్చు, అప్పుడు ముందు మౌంటింగ్ చూడండి.

ఖర్చు లేనిది గాలి, అందుకే అక్కడ మొదలెట్టాలి. డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటాది, ఎంత పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) పెట్టాలో దాని మీద రాసుంటాది, పంచర్ షాపులో "అన్నిటికీ 35 కొట్టేయ్ బాబూ" అనకండి. గాలి ఎక్కువైతే టైరు రోడ్డుని తాకే జాగా తగ్గి తొందరగా జారుద్ది, మరీ తక్కువైతే పక్కగోడ మెత్తబడి మెలిక ఇంకా పెరుగుద్ది. స్టిక్కర్ అంకెకి పెట్టి చూడండి, దాని మీద ఒకటి రెండు పి.ఎస్.ఐ. అటూ ఇటూ మార్చితే తేడా తెలుస్తాది, కానీ స్టిక్కర్ కన్నా కిందకి మాత్రం రోజువారీ తిప్పొద్దు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, మధ్యాహ్నం ఎండలో మధురవాడ నుంచి వచ్చి కొలిస్తే లెక్క తప్పుద్ది.

టైరు వయసు కూడా చూడండి, పక్కగోడ మీద డి.ఓ.టి. అక్షరాల చివర నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల గుర్తు, అంటే గాడిలో ఉండే చిన్న గట్టు, 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాది, టైరు దానికి సమానంగా అయిపోతే ఇంక ఏం చేసినా దండగ. అరగకపోయినా ఎండకి గట్టిపడిన పాత టైరు తడిలో జారుద్ది. కొత్తవి రెండే కొనే డబ్బులుంటే వెనక్కి వేయమని టైర్ల కంపెనీలు చెప్తాయి, తడి మలుపులో వెనక జారితే బండి తిరిగిపోద్ది కాబట్టి, అంటే హాప్ కోసం ముందుకి కొత్తవి వేసి అరిగిన వాటిని వెనక్కి తోసేస్తే ఒక జబ్బు పోయి ఇంకోటి వస్తాది. వీలైతే నాలుగూ ఒక్కసారే.

రెండో ఖర్చులేని మందు మన కుడికాలు. టైరు జారితేనే హాప్ కదా, జారకుండా బండి కదిపితే సరిపోద్ది. ఎత్తులో హ్యాండ్‌బ్రేక్ లాగి, హాఫ్ క్లచ్ దగ్గర బండి ముక్కు కొంచెం పైకి లేచినట్టు అనిపించాక హ్యాండ్‌బ్రేక్ వదలండి, బండి కదిలి ఒక బండి పొడవు వెళ్ళేదాకా క్లచ్ పూర్తిగా వదలొద్దు. టర్బో బండైతే రేజ్ తక్కువలో ఏమీ లేనట్టుంటాది, 1800 దాటాక ఒక్కసారి తంతాది, ఆ తన్నే చోటుకి క్లచ్ పూర్తిగా వదిలేసి ఉండాలి, స్టీరింగ్ నిటారుగా ఉండాలి. రుషికొండ బీచ్ దగ్గర పార్కింగ్ నుంచి రోడ్డెక్కేటప్పుడు ఒక చక్రం ఇసుక మీద, ఒకటి తారు మీద ఉంటాది, అక్కడ రేజ్ ఇచ్చారా దడదడే. ఇసుక దాటేదాకా ఓపిక పట్టండి. హాప్ మొదలైతే కాలు తీసెయ్యాలి, "ఎలాగోలా లాగేద్దాం" అని తొక్కి ఉంచితే ఒక్కో దెబ్బా సి.వి. జాయింట్‌కి, రెండు చక్రాలకి బలం పంచే డిఫరెన్షియల్‌కి తగులుతాది, ఆ రిపేరు బిల్లు ముందు మనం ఇక్కడ చెప్పుకునే ఖర్చులన్నీ చిల్లర. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండైతే బటన్ నొక్కి ఆపకండి, జారే చక్రాన్ని పట్టుకుని హాప్‌ని సగంలోనే చంపేస్తాది.

ఇప్పుడు అసలు పని, మౌంటింగ్‌లు. నా లెక్కలో డబ్బులు పెడితే మొదట పెట్టాల్సింది ఇక్కడే. బానెట్ తీసి, ఇంజన్ కనపడేలా ఫోన్ స్లోమోషన్‌లో వీడియో తీసేలా పక్కన పెట్టండి. లోపల కూర్చున్న వాళ్ళు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, బ్రేక్ తొక్కి ఉంచి, ఫస్ట్ గేరులో క్లచ్ పట్టుకునే దాకా కొంచెం వదిలి మళ్ళీ తొక్కాలి, తర్వాత రివర్స్‌లో అలాగే. బండికి ముందు గానీ వెనక గానీ ఎవరూ నిలబడకూడదు, పిల్లల్ని దగ్గరకి రానివ్వకండి. వీడియోలో ఇంజన్ కొంచెం ఒరిగితే మామూలే, టక్కున లేచి దభీమని పడితే, లోహానికి లోహం తగిలిన శబ్దం వస్తే మౌంటింగ్ పోయినట్టే. పక్క మౌంటింగ్ కింద నల్లగా నూనె కారి ఉంటే అది లోపల ద్రవం ఉండే రకం, పగిలిపోయింది, మార్చడమే దారి.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినేది కింద ఉండే టార్క్ రాడ్, ఎముక ఆకారంలో ఉంటాది, ఇంజన్ కింద భాగాన్ని సబ్‌ఫ్రేమ్‌కి, అంటే బండి ముందు కింద ఉండే ఇనుప చట్రానికి, కడుతుంది. కొన్ని బళ్ళలో దాని బదులు ముందొకటి వెనకొకటి మౌంటింగ్‌లు ఉంటాయి. టార్క్ రాడ్ మార్చడం మామూలుగా రెండు మూడు బోల్టుల పని, గాజువాక ఆటోనగర్‌లో ఏ మెకానిక్ అయినా కాఫీ చల్లారే లోపు చేసేస్తాడు. రబ్బరు చిరగలేదు గానీ మెత్తగా ఉందంటే తక్కువ ఖర్చు చిట్కా ఒకటుంది, కారు అద్దాలు అతికించే షాపుల్లో నల్లటి పాలియురెథేన్ సీలెంట్ ట్యూబు దొరుకుద్ది, టార్క్ రాడ్ విప్పి శుభ్రంగా కడిగి ఆరబెట్టి, రబ్బరులో ఉండే ఖాళీల్లో గాలి లేకుండా దాన్ని నింపి, ఒక వారం కదపకుండా వదిలెయ్యాలి. మన ఊళ్ళో గాల్లో తేమ ఎక్కువ, ఈ సీలెంట్ తేమతోనే గట్టిపడుద్ది కాబట్టి మనకి మంచిదే, కానీ లోపలిదాకా గట్టిపడటానికి టైమ్ పడుద్ది, సాయంత్రం నింపి పొద్దున్న బిగిస్తే పిండిలా బయటికొచ్చేస్తాది. సిలికాన్ వేరు, అది పనికిరాదు. ద్రవం ఉన్న మౌంటింగ్‌లో ఇవేమీ నింపకండి. టార్క్ రాడ్‌లో ఇలా సీలెంట్ నింపితే, ఏ.సి. వేసి సిగ్నల్ దగ్గర ఆగితే సీట్లో కొంచెం వణుకు ఎక్కువ తెలుస్తాది, అది ఇంట్లోవాళ్ళకి నచ్చకపోతే కొత్త కంపెనీ టార్క్ రాడ్డే వేసుకోండి. చిరిగిన రబ్బరులో పాత ట్యూబు ముక్కలు కుక్కడం, మౌంటింగ్‌ని వెల్డింగ్ కొట్టేయడం లాంటివి ఎవరైనా చెప్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

తర్వాత లోయర్ ఆర్మ్. చక్రాన్ని ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునేది దాని వెనక బుష్, పెద్దగా ఉంటాది, హాప్‌లో మెలి తిరిగేది ఎక్కువగా అదే. బండిని జాకీతో లేపి స్టాండ్ల మీద పెట్టాకే కింద చూడాలి, స్టెప్నీ మార్చే జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి తల పెట్టొద్దు. బుష్ దగ్గర టైర్ లివర్ పెట్టి మెల్లగా ఎత్తినప్పుడు రబ్బరు అంచు లోహం నుంచి విడిపోయి నోరు తెరిస్తే అది పోయినట్టే. చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపితే టక్ అంటే బాల్ జాయింటో బేరింగో, పక్కల పట్టుకుని ఊపినప్పుడు టక్ అంటే స్టీరింగ్ రాడ్ ఎండ్. బుష్ ఒక్కటే మార్చితే వందల్లో పని, కానీ ప్రెస్ మీద సరిగ్గా కొట్టే వాడు కావాలి, సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆర్మే వంకరపోద్ది. బాల్ జాయింట్ కూడా అరిగి ఉంటే ఆర్మ్ మొత్తం కొత్తది కొనేయడమే చివరికి చవక.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి, చాలా షెడ్లలో జరగనిది ఇదే. బుష్ బోల్టుల్ని చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు ఫైనల్‌గా బిగించకూడదు. రబ్బరు బుష్‌కి లోపలి గొట్టం, బయటి గొట్టం రెండూ అతుక్కుని ఉంటాయి, గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే అదే దాని మామూలు స్థానం అనుకుంటాది, బండి కిందకి దిగగానే రోజంతా మెలి తిరిగే ఉంటాది, కొన్ని నెలల్లో చిరిగిపోద్ది. చేత్తో పట్టేంత బిగించి, బండి నేల మీదకి దించి బరువు పడ్డాక, లేదా ఆర్మ్ కింద జాకీ పెట్టి బరువు ఎత్తాక, మాన్యువల్లో రాసున్న బిగుతు అంకెకి బిగించాలి. పక్కన నిలబడి చేయించుకోండి, "మేం రోజూ చేస్తాం మాస్టారూ" అంటారు, నవ్వి ఊరుకుని అలాగే చేయించుకోండి.

షాకబ్జర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, స్ట్రట్ (ముందు షాకబ్జర్ గొట్టం) మీద నూనె కారి దుమ్ము పట్టి ఉంటే, స్పీడ్ బ్రేకర్ దాటాక ముక్కు రెండు మూడు సార్లు ఊగితే అవి అయిపోయాయి, ఎగిరే చక్రాన్ని ఆపే శక్తి వాటికి లేదు, జతగానే మార్చాలి. ఖరీదు వేలల్లో ఉంటాది కాబట్టి చివరికి పెట్టాను.

వద్దనే సరుకు కూడా ఉంది. వెనక స్ప్రింగుల మధ్య పెట్టే రబ్బరు బఫర్లు హాప్‌కి మందని అమ్ముతారు. వెనక కూలబడటం కొంచెం తగ్గినట్టు కనపడుద్ది గానీ వెనక్కి పోయే బరువు స్ప్రింగ్ మెత్తదనం మీద ఆధారపడదు, బండి బరువు ఎంత ఎత్తులో ఉంది, ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎంత, ఎంత గట్టిగా దూకుతోంది అన్నదాని మీదే. ఆ డబ్బులు బుష్‌లకి పెట్టండి. స్ప్రింగులు కోయించి కిందకి దించితే ఆర్మ్‌ల కోణం మారిపోయి హాప్ పెరిగే అవకాశమే ఎక్కువ, పైగా మన ఊరి స్పీడ్ బ్రేకర్లకి కింద తగులుద్ది. ఇంజన్ బలం పెంచే రీమ్యాప్ బాక్సులు హాప్ తగ్గాక ఆలోచించుకోవచ్చు, ముందు మాత్రం కాదు.

ఒక్కసారి అన్నీ మార్చకండి, ఒకటి మార్చి అదే ఏటవాలులో అదే గాలితో చూడండి, ఏది పనిచేసిందో అప్పుడే తెలుస్తాది. చూడ్డానికి జనం లేని చోటు చూసుకోండి, బీచ్ రోడ్డు గానీ ఎండాడ హైవే ఎత్తు గానీ దీనికి కాదు. ఆర్మ్ గానీ స్ట్రట్ గానీ విప్పితే వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే కొత్త టైరు లోపలి అంచు నెలల్లో తినేస్తాది. సముద్రం పక్కన ఉండే బళ్ళకి, భీమిలి రోడ్డు సాగర్‌నగర్ వైపు వాళ్ళకి మరీనూ, సబ్‌ఫ్రేమ్ బోల్టులు ఉప్పు గాలికి తుప్పు పట్టి ఇరుక్కుపోతాయి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, తుప్పు తినేసిన బోల్టులు కొత్తవి ముందే తెచ్చి పెట్టుకోండి, పని అయ్యాక ఒక వారం తిరిగి అవే బోల్టులు మళ్ళీ ఒకసారి బిగుతు చూపించుకోండి.